వేపకొమ్మ గుచ్చిన కుప్ప

శివరాత్రి దగ్గర పడుతోందంటే నిజామాబాద్‌లో మా కాలేజీ కిటికీలు మూసుకోవాల్సిందే. మార్కెట్ యార్డు ఎంతో దూరం లేదు. లారీల్లోంచి పసుపు బస్తాలు దించుతుంటే లేచే దుమ్ము గాలివాటున వచ్చి బల్లల మీదా, హాజరు పట్టీ మీదా, నా చీర కుచ్చిళ్ల మీదా సన్నగా పేరుకుంటుంది. పిల్లలు తుమ్ముతారు, తుమ్మినవాళ్లను చూసి మిగతావాళ్లు నవ్వుతారు. పసుపు వాసన అంటే లోకానికి పెళ్లిళ్లూ గడపలూ పేరంటాలూ గుర్తుకొస్తాయి. నాకు భయం గుర్తుకొస్తుంది. యాభై దాటిన మనిషిని, ఏళ్లకేళ్లుగా చరిత్ర పాఠాలు చెబుతున్నదాన్ని, తాలింపులో చిటికెడు పసుపు వేసేటప్పుడు కూడా ఒక్కోసారి అరచేతులు చెమట పడతాయంటే ఎవరు నమ్ముతారు? అందుకే ఎవరికీ చెప్పలేదు.

మొన్నటికి మొన్న డిగ్రీ పిల్లలకు ఆఫ్రికా స్త్రీల గురించి పాఠం చెబుతున్నాను. ఆ నేలల్లో పొలం చేసింది ఆడవాళ్లే, విత్తనం ఎంచి దాచింది ఆడవాళ్లే, దుంపలు కుళ్లకుండా నెలల తరబడి నిలవ ఉంచే ఉపాయాలు పెంచుకున్నది ఆడవాళ్లే, పండినదాన్ని తలకెత్తుకుని సంతలకు మోసి, ఆ సంతల చుట్టూ ఊళ్లను నిలబెట్టింది కూడా వాళ్లేనని, దేశాల సంపద లెక్కలు రాసినవాళ్లు మాత్రం ఇదంతా ఇంటిపని కింద కొట్టేశారని చెప్పుకుంటూ పోతున్నాను. ఎవరో కిటికీ తెరిచారు. గుప్పున వాసన వచ్చింది. సరిగ్గా అప్పుడే, రోజూ బోధన్ నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి రెండో బెంచీలోంచి లేచింది.

"మేడం, గింత జేసిండ్రు అంటున్నరు గద. ఒక్కరి పేరు గూడ లేదేంది పాఠంల? మీకన్న ఒక్కరు ఎరుకేనా?"

ఎరుకే మరి. ఒక్కరు ఎరుకే. ఆ ఒక్కరి పేరు నలభై ఏళ్లకు పైగా నా నాలుక కిందే ఉంది, పైకి తియ్యాలంటే మాత్రం మళ్లీ తొమ్మిదేళ్ల పిల్లనైపోతాను.

మాది బోధన్‌కూ నిజామాబాద్‌కూ మధ్య, రోడ్డు నుంచి లోపలికి మట్టిబాటన పోవాల్సిన ఊరు. వానాకాలం మొదట్లో నాటిన పసుపు దసరా నాటికి మనిషి నడుము దాకా ఎదిగి, సంక్రాంతి దాటాక ఆకులు ఎండి నేలకు వాలిపోయేది. ఆ ఎండిన ఆకుల గరగరలు, తవ్విన మట్టి పచ్చివాసన, బాట మీద చక్కెర ఫ్యాక్టరీకి బారులు కట్టి పోయే చెరుకు బండ్లు, వాటి వెనక పరుగెత్తి ఒక్కో గడ లాక్కునే మేము, బండివాడి తిట్లు, ఫ్యాక్టరీ నుంచి గాలి మళ్లినప్పుడు ముక్కు పగలగొట్టే చెరుకు మడ్డి వాసన, పొద్దుకు ఇన్నిసార్లని వినపడే దాని కూత, ఆ కూత వినగానే పొయ్యి మీద ఎసరు పెట్టే ఇంటింటి ఆడవాళ్లు, ఇవన్నీ కలిస్తేనే మాకు చలికాలం పోయి ఎండలు వస్తున్నట్టు. శివరాత్రికి మోరంగడ్డలు, అదే చిలగడదుంపలు, ఉడికేవి, హోళీకి మోదుగుపూలు ఉడికేవి, ఈ రెండింటి మధ్యనంతా ఊరి కల్లాల్లో పసుపు ఉడికేది.

ఇంట్లో పెత్తనమంతా అవ్వది, అంటే మా నాయనమ్మది. మనిషి పీలగా ఉండేది గానీ గొంతు మాత్రం నాలుగిళ్ల అవతలికి వినపడేది. తాళంచెవుల గుత్తి నడుముకు చెక్కుకుని, చెవి వెనక సగం కాల్చిన బీడీ పెట్టుకుని, పొద్దున లేస్తూనే ఎవరినో ఒకరిని తిట్టి గానీ నోరు పుక్కిలించేది కాదు. బాపు, మా నాన్న, అవ్వ ముందు కొడుకే గానీ పటేలు కాదు. ఆ ఏడు అమ్మ రెండో కాన్పుకు పుట్టింటికి, భీమ్‌గల్ పోయి ఉంది. నన్ను అవ్వ చేతుల్లో పెట్టి పోయింది. అవ్వకు పిల్లలకు అన్నం తినిపించే పద్ధతి ఒక్కటే వచ్చు, భయపెట్టడం.

"తింటవా తినవా పోరి? హబ్షీ బూబమ్మను పిలువాల్నా?"

అంతే, ముద్ద గొంతులోకి దానంతట అదే జారిపోయేది. మా వైపు తురక ఆడవాళ్లను బూబమ్మ అనేవాళ్లు. ఈమె హబ్షీ బూబమ్మ. హబ్షీలంటే ఎప్పుడో ముందు తరాల్లో సముద్రం దాటించి ఆఫ్రికా నుంచి తెచ్చినవాళ్ల సంతతి. హైదరాబాద్‌లో నిజాం దగ్గర కాపలా కొలువుల్లో వాళ్ల మగవాళ్లు ఉండేవాళ్లని, ఆ రాజ్యం పోయాక కొలువులూ పోయాయని తర్వాత చదివి తెలుసుకున్నాను. చిన్నప్పుడు నాకు తెలిసిందల్లా ఆమె మా ఊళ్లో ఎవరూ లేనంత నల్లగా, ఎత్తుగా ఉంటుందని, పొట్టి ఉంగరాల జుట్టు మీద ఎర్ర రుమాలు కట్టుకుంటుందని, పసుపు ఉడికే కడాయి ఆవిర్లలో నిలబడి పెద్ద కర్రతో కలబెడుతుందని, అందులో మొండి పిల్లలను కూడా వేస్తుందని. చివరిది అవ్వ చెప్పింది. నేను నమ్మాను. ఆ మాట అవ్వ నోట వచ్చిందంటే ఈనాటికీ సిగ్గేస్తుంది, నమ్మినందుకు అంతకంటే ఎక్కువ సిగ్గేస్తుంది.

ఆమె మొగుడు బోధన్ ఫ్యాక్టరీలో బట్టీ దగ్గర పనిచేస్తూ చనిపోయాడు. అప్పటి నుంచి ఆమె చెరుకు దించి ఖాళీగా తిరిగొచ్చే బండి ఎక్కి మా వైపు ఊళ్లకు వచ్చేది. వెంట నలుగురు ఆడవాళ్లు. ఆ నలుగురికీ ఆమే మేస్త్రి. పసుపు ఉడికించడం చూడడానికి తేలికే, మనిషి మునిగేంత ఇనుప కడాయిలో కొమ్ములు పోసి, నీళ్లు పోసి, గోనెపట్టాలు కప్పి, కింద చెరుకు ఆకూ పత్తికట్టే తగలబెట్టడమే. ఎప్పుడు దించాలో తెలియడంలోనే ఉంది కథంతా. ఎక్కువ ఉడికితే రంగు చచ్చిపోతుంది, తక్కువ ఉడికితే పురుగు పడుతుంది. బూబమ్మ గడియారం చూసేది కాదు, చీపురుపుల్ల గుచ్చి చూడడం కూడా మిగతావాళ్ల తృప్తి కోసమే. నురుగు పొంగి, తెల్లటి ఆవిరి లేచి, వాసన మారిన క్షణాన ముక్కు ఎగబీల్చి, "తియ్యుండ్రి" అనేది. ఆమె తియ్యమన్న కొమ్ము విరిస్తే లోపల బంగారు రంగే.

ఉడికించడం కంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది, అది చాలా ఏళ్లకు గానీ నాకు అర్థం కాలేదు. ఆమె రాకముందు మా ఊళ్లో విత్తనపు గడ్డ సగానికి సగం ఎండాకాలంలోనే కుళ్లిపోయేదట. ఉన్నవాళ్లు మంజీర అవతల మరాఠీ ఊళ్లకు పోయి విత్తనం తెచ్చుకునేవాళ్లు, లేనివాళ్లు పసుపు మానుకుని జొన్నలు చల్లుకునేవాళ్లు. బూబమ్మ గుంతలు తీయించింది. నీడపట్టున మోకాలి లోతు గుంత, అడుగున ఇసుక, ఇసుక మీద కానుగాకు, దాని మీద ఎంచిన గడ్డలు, మళ్లీ ఆకు, పైన మట్టీ పేడా కలిపి మెత్తిన కప్పు, ఆ కప్పుకు గాలి ఆడడానికి ఒక వెదురుగొట్టం. నాలుగైదేళ్లలో ఊళ్లో ప్రతి ఇంటికీ సొంత విత్తనం నిలిచింది. రెండు మూడు చెలకల్లో ఉండే పసుపు ఊరంతా పాకింది. ఊరు కాస్త కడుపునిండా తింటోందంటే దానికి కారణం ఆ వెదురుగొట్టమే, కానీ ఆ మాట ఎవరూ అనగా నేను వినలేదు. ఆమెకు మాత్రం నీళ్లు పైనుంచి దోసిట్లో పోసేవాళ్లు.

ఒకసారి ఆమె ఆ గొట్టానికి చెవి ఆనించి వింటుంటే గోడ చాటు నుంచి చూస్తూ దొరికిపోయాను. పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె తిట్టలేదు.

"గడ్డకు గూడ ఊపిరి ఆడాలె బేటీ. మా నానీకి, అమ్మమ్మకు, వాళ్ల నానీ నేర్పిందట. సముందర్ అవతల నుంచి వచ్చేటప్పుడు ఒంటి మీది బట్ట తప్ప ఏం తెచ్చుకోలేదు గని, గిది మాత్రం తెచ్చుకున్నది. గిది ఎవ్వడు గుంజుకోలేడు గద."

అని పొయ్యి బూడిదలోంచి కాలిన మోరంగడ్డ ఒకటి కర్రతో దొర్లించి, తొక్క ఒలిచి, అరచేతిలో పెట్టి చాచింది. ఆ అరచెయ్యి పసుపుతో మెరుస్తోంది. గడ్డ లోంచి తియ్యటి ఆవిరి వస్తోంది. నాకు నోరూరింది, అయినా చెయ్యి చాపలేదు. తీసుకుంటే చెయ్యి పట్టుకుంటుంది, పట్టుకుంటే కడాయి. వెనక్కి తిరిగి చూడకుండా ఇంట్లోకి పరుగెత్తాను.

ఆ ఏడు పసుపు తవ్వకం అయిపోయాక బాపు కల్లంలో రెండు కుప్పలు పోయించాడు. పెద్దది ఉడికించడానికి, తవ్వకంలో దెబ్బతిన్నవీ, విత్తనానికి పనికిరానివీ. కొట్టం గోడ నీడన చిన్నది విత్తనానికి, మంచి కొమ్ములూ గడ్డలూ ఎంచి పోసింది. రెండు దినాలు నీడన ఆరితే బూబమ్మ దాన్ని గుంతకెక్కిస్తుంది. మా దగ్గర విత్తనపు కుప్ప మీద వేపకొమ్మ గుచ్చుతారు. ఆ కొమ్మ ఉందంటే ఆ కుప్ప జోలికి ఎవరూ పోకూడదని గుర్తు, చదువు రానివాళ్లు కూడా చదవగలిగిన గుర్తు. పిల్లలకు ఆ కొమ్మను ముట్టుకుంటే వీపు పగులుతుందని ప్రతి ఏడూ అవ్వ ముందే చెప్పి పెట్టేది.

ఆ పొద్దున భీమ్‌గల్ నుంచి అమ్మకు నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. బాపు చద్ది కూడా తినకుండా బస్సుకు పోయాడు. పోతూ పోతూ, బూబమ్మ వస్తుంది, పెద్ద కుప్ప ఉడికించమని చెప్పమని అవ్వతో అన్నాడు. అవ్వ సరే అని లోపలికి పోయింది. కొడుకు పుట్టాలని దేవుడి దగ్గర దీపం పెట్టుకుని కూర్చుంది.

నేను కల్లంలో ఒక్కదాన్నే. నాకు అప్పుడు ఒకే ఆట ఇష్టం, బడిపంతులు ఆట. కొట్టం గుంజలన్నీ పిల్లలు, నేను పంతులు. పంతులుకు బెత్తం కావాలి. కల్లంలో కంటికింపైన బెత్తం ఆ వేపకొమ్మే. లేత చిగుళ్లతో, వంచితే వంగి, ఆడిస్తే చుయ్యిమనేది. లాగేశాను. గుంజలను ఎక్కాలు అడిగాను, చెప్పనివాటిని బాదాను. ఎంతసేపు ఆడానో తెలియదు. బాట మీద బండి గంటల చప్పుడు, ఆడవాళ్ల మాటలు, వాటిని మించి బూబమ్మ గొంతు. కొమ్మ చేతిలో ఉంటే చస్తాను. దగ్గర ఏ కుప్ప ఉంటే దాంట్లో గుచ్చేసి గుంజ వెనక్కి పోయాను. దగ్గరున్నది పెద్ద కుప్ప.

వాళ్లు వచ్చారు, కడాయి కింద మంట వేశారు, నీళ్లు పోశారు. నీళ్లు కాగుతుంటే బూబమ్మ కొమ్మ లేని చిన్న కుప్ప దగ్గరికి పోయి, ఒక కొమ్ము తీసి చూసింది. ఇంకొకటి తీసింది. కళ్లు మళ్లీ పెద్ద కుప్ప మీది వేపకొమ్మ వైపు పోయాయి. తర్వాత నేరుగా నా వైపు నడిచి వచ్చింది. గుంజ సన్నది, నేను దాని వెనక దాగలేను.

"బేటీ, మీ బాపు ఇంట్ల లేడా? కుప్పలు మార్చిండా ఏంది? గీ చిన్న కుప్ప ఇత్తనం లెక్క కొడుతున్నది నాకు. జెర అవ్వను అడిగి రాపో, ఏది ఎయ్యాల్నో."

ఆమె గడప దాటి లోపలికి రాకూడదు. కేకేస్తే అవ్వ పలకదు, దేవుడి దగ్గర ఉన్నప్పుడు మాట్లాడదు. అందుకని నన్ను పంపింది. నేను లోపలికి పోయాను. దేవుడి గది ముందు నిలబడ్డాను. అవ్వ వీపు కనపడుతోంది, వేళ్ల మధ్య పత్తి వత్తి నలుగుతోంది. అడిగితే, కొమ్మ ఎందుకు మారిందని అడుగుతుంది. ఎందుకు మారిందో చెబితే వీపు పగులుతుంది. వడ్ల గుమ్మి వెనకకు పోయి, దాని చల్లటి మట్టిగోడకు చెంప ఆనించి, అడిగి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు లెక్కపెట్టుకుని నిలబడ్డాను. ఆ లెక్క ఇప్పటికీ నాకు గుర్తుంది, ముప్పై దాకా వచ్చాను. బయటికి వచ్చి, ఆమె మొఖం చూడకుండా చిన్న కుప్ప వైపు చెయ్యి చాపాను.

"గదే ఎయ్యమన్నది అవ్వ."

ఆమె ఇంకోసారి అడగలేదు. మంట పైకి లేచి ఉంది, నీళ్లు కాగి తెర్లుతున్నాయి, నలుగురు ఆడవాళ్లు గంపలతో నిలబడి ఉన్నారు. విత్తనం కడాయిలో పడిన చప్పుడు నేను గుంజ పట్టుకుని విన్నాను. ఉడికిన పసుపు మొలకెత్తదని తొమ్మిదేళ్ల రైతుబిడ్డకు తెలియక కాదు. తెలిసే నిలబడ్డాను. ఇప్పుడైనా చెప్పు, ఇంకా నురుగు రాలేదు, ఇప్పుడైనా చెప్పు అని లోపల ఎవరో అంటూనే ఉన్నారు. గోనెపట్టాలు కప్పారు. తెల్లటి ఆవిరి లేచింది. వాసన మారింది.

పొద్దు వాలకముందే బాపు తిరిగి వచ్చాడు. చెల్లి పుట్టింది. చేతిలో చక్కెర పొట్లం, మొఖం నిండా నవ్వు, కల్లంలోకి వస్తూనే, "బూబమ్మా, నోరు తీపి జేస్కో" అన్నాడు. అని, పెద్ద కుప్ప మీది వేపకొమ్మను చూశాడు. కొట్టం గోడ దగ్గర ఖాళీ నేలను చూశాడు. ఆరబోసిన కొమ్ములను చూశాడు. పొట్లం చేతిలోనే ఉంది గానీ చెయ్యి కిందికి వాలిపోయింది.

"ఇత్తనం... ఇత్తనం ఉడుకవెట్టినవా బూబమ్మా? ఇన్నేండ్ల సంది జేస్తున్నవు, గుర్తువట్టక పోతివా?"

"గుర్తువట్టిన పటేలా. గుర్తువట్టిన గాబట్టే అడిగి రమ్మని పంపిన. అవ్వ గదే ఎయ్యమన్నదని బేటీ వచ్చి చెప్పింది."

అవ్వ గడపలోకి వచ్చింది. తనను ఎవరూ అడగలేదంది, ఒట్టేసింది. అది నిజమే. అందరూ నా వైపు తిరిగారు. బాపు కోపంగా లేడు, అదే ఇంకా భయంగా ఉంది. కోపమైతే ఏడ్చేదాన్ని, ఏడుపులో నిజం బయటపడేది.

"బిడ్డా, నువ్వు చెప్పినవా?"

బూబమ్మ నా ఎదుట గొంతుక్కూర్చుంది. మొదటిసారి ఆమె కళ్లను అంత దగ్గర చూశాను. కడాయి పొగకు ఎర్రబడి ఉన్నాయి. వాటిలో కోపం లేదు, బతిమాలడం ఉంది. పెద్దమనిషి ఒకరు నన్ను బతిమాలడం నాకు అంతవరకూ తెలియదు. నేను నేల చూశాను.

"నాకు తెల్వది బాపూ."

ఆమె లేచింది. కలబెట్టే కర్రను కడాయికి ఆనించింది, చేతులు తుడుచుకుంది. "సరే పటేలా" అంది, అంతే. నలుగురూ గంపలు అక్కడే వదిలేసి ఆమె వెనక నడిచారు. బాట మీద వాళ్ల నీడలు పొడుగ్గా పడ్డాయి. అవ్వ వాళ్ల వెనక ఏవేవో అంటూనే ఉంది, ఒక్కరూ తిరిగి చూడలేదు. తర్వాత పొయ్యి బూడిద ఎత్తుతుంటే అందులో ఒక మోరంగడ్డ దొరికింది, నల్లగా బొగ్గయిపోయి. అది ఎవరి కోసం పెట్టిందో నాకు తెలుసు.

అన్నం ముందు అవ్వ నన్ను కూర్చోబెట్టుకుని తల దువ్వింది. దువ్వెన ఆగింది. జడలోంచి ఒక వేపాకు తీసింది, ఎండి ముడుచుకున్న లేతాకు. దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసింది. ఇక అయిపోయింది అనుకున్నాను. నిజానికి అయిపోతే బాగుండు అనుకున్నాను. అవ్వ ఆ ఆకును పొయ్యిలో పడేసి, మళ్లీ దువ్వడం మొదలుపెట్టింది.

"గమ్మున తిని పండుకో" అంది, మెల్లగా. అవ్వ అంత మెల్లగా మాట్లాడడం అదే మొదలు, అదే చివర. అంతవరకూ నాకు హబ్షీ బూబమ్మంటే భయం. ఆ క్షణం నుంచి మా అవ్వంటే భయం, నేనంటే నాకు భయం.

తర్వాత జరిగినవి ఎవరూ ఆపగలిగినవి కావు. విత్తనం ఉడకబెట్టిన బూబమ్మ అనే మాట చెరుకు బండ్ల వెంట ఊరూరూ తిరిగింది. ఆమె చేతికి కర్ర ఇచ్చే కల్లమే లేకుండా పోయింది. ఆమె వెంట ఉన్న నలుగురూ ఎవడో మగమేస్త్రి కింద చెరుకు నరకడానికి పోయారు. బాపు మంజీర దాటి, కందకుర్తి అవతలి ఊళ్ల నుంచి విత్తనం తెచ్చాడు, బూబమ్మ చూపిన పద్ధతిలోనే గుంతకెక్కించాడు గానీ వెదురుగొట్టం పెట్టడం మరిచాడు. సగం కుళ్లింది. ఆ వానాకాలం మా చెలక సగం బీడుగా పడి ఉంటే, దాని గట్టు మీదుగా బడికి పోవాల్సి ఉన్నా, చుట్టూ తిరిగి పోయేదాన్ని. చేతులకు పసుపు అంటితే బూడిదతో తోమి తోమి చర్మం లేచేది. బండి గంటలు వినిపిస్తే గుమ్మి వెనక దూరేదాన్ని. ఆమె వచ్చి బాపుతో చెబుతుందని ప్రతి రోజూ అనుకునేదాన్ని. ఆమె ఎన్నడూ రాలేదు.

పదమూడో ఏట బోధన్ హైస్కూల్లో చేరాను. మొదటి రోజే బస్టాండులో, ఎర్ర రుమాలు కట్టుకుని, బొగ్గుల కుంపటి ముందు కూర్చుని మోరంగడ్డలు కాలుస్తూ ఆమె. మనిషి సగమైంది. పక్కన జామపండ్లు అమ్మే ఆమె "జైనబ్ బీ, జెర చిల్లర ఉందా?" అని కేకేసింది. అన్నేళ్లు మా ఊరికి వచ్చి పోయిన మనిషికి ఒక పేరుందని నాకు తెలిసింది అప్పుడు. ఇంకో బాట లేదు, ఆమె ముందు నుంచే పోవాలి. తల వంచుకుని నడిచాను.

"బేటీ."

ఆగిపోయాను. ఆమె నా పుస్తకాల సంచి వైపు, నీలం లంగా వైపు, వాటి మీదుగా నా మొఖం వైపు చూసింది. ఒక గడ్డ ఒలిచి ఆకులో పెట్టి చాచింది.

"సదువుకుంటున్నవా? మంచిది. అడిగితె జవాబు చెప్పుడు నేర్పుతరు ఆడ."

ఈసారి తీసుకున్నాను, ప్రేమతో కాదు, భయంతోనే. తినలేక సంచిలో పెట్టుకున్నాను. పారేయనూ లేకపోయాను. నాలుగో రోజుకు అది కుళ్లి, లెక్కల పుస్తకం అట్ట మీద మరక పడి, అమ్మ తిట్టింది. మర్నాటి నుంచి ఒక స్టాపు ముందే దిగి నడిచి పోయేదాన్ని. మూడేళ్లు అట్లాగే నడిచాను. నాకు ఉద్యోగం వచ్చాక, మొదటిసారి కాస్త ధైర్యం కూడగట్టుకుని బోధన్ పోయి బస్టాండులో అడిగితే, జైనబ్ బీ పోయి చాలా కాలమైందన్నారు. ఎక్కడ పెట్టారో ఎవరికీ తెలియదు. కుంపటి ఉన్న చోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది.

అవ్వ పోయింది, ఆ వేపాకు సంగతి ఎవరికీ చెప్పకుండానే. బాపు కూడా పోయాడు, విత్తనం ఉడికించిన తప్పు బూబమ్మదే అనుకుంటూ. ఫ్యాక్టరీ కూత ఆగిపోయింది, ఆ గాలిలో మడ్డి వాసన లేదు. చెరుకు బండ్లూ లేవు, లాక్కుని పరుగెత్తే పిల్లలూ లేరు. కల్లాల్లో పసుపు ఉడికించడానికి ట్రాక్టరు వెనక బాయిలరు కట్టుకుని వస్తారు, గంటలో పని ముగించుకుని పోతారు. ముక్కుతో వాసన పట్టి "తియ్యుండ్రి" అనే మనిషి అక్కర్లేదు. మా పాత కడాయి, చెల్లి తర్వాత పుట్టిన తమ్ముడి ఇంట్లో గేదెలకు కుడితి తొట్టి అయింది. గుంతలు మాత్రం ఉన్నాయి. ఇసుక, కానుగాకు, మట్టికప్పు, గాలిగొట్టం, అన్నీ అట్లాగే. వెదురు బదులు ప్లాస్టిక్ పైపు, అంతే తేడా. పోయినేడు ఊరికి పోయినప్పుడు, ఈ పద్ధతి ఎవరు నేర్పారని ఒక కుర్ర రైతును అడిగాను. "మా తాతల కాలం నుంచి గిట్లనే అక్కా" అన్నాడు. నేను ఆ రోజు కూడా తల ఊపి వచ్చేశాను.

క్లాసులో ఆ అమ్మాయి ఇంకా నిలబడే ఉంది. మిగతా పిల్లలు నా మొఖం చూసి, వేయకూడని ప్రశ్న ఏదో వేసిందేమోనని గుసగుసలాడుతున్నారు. తెరిచిన కిటికీలోంచి పసుపు వాసన వస్తోంది. అరచేతులు తడిసి సుద్దముక్క మెత్తబడింది. తెలియదని చెప్పడం ఎంత తేలికో నాకు తెలుసు. పాఠంలో పేర్లు లేకపోవడానికి కారణాలు పుస్తకాల్లో చాలా రాస్తారు గానీ, అడిగినప్పుడు నేల చూసి తెల్వదన్న పిల్లలు కూడా ఒక కారణమని ఎవరూ రాయరు.

"ఎరుకే," అన్నాను. "జైనబ్ బీ."

బోర్డు మీద ఆ పేరు రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి. తర్వాత కుర్చీ లాక్కుని పిల్లల ఎదుట కూర్చుని, తొమ్మిదేళ్లప్పుడు నేను లాగిన వేపకొమ్మ దగ్గర నుంచి చెప్పడం మొదలుపెట్టాను.